మంచం మధ్యగా పోయిన హద్దు

వోయ్‌టెక్ పొలం కొలిచింది బండిచక్రంతో. అమెరికాలో, ఆ నెబ్రాస్కా బీళ్లలో కొత్తగా దిగినవాళ్లందరూ అంతే. చక్రానికి ఎర్రగుడ్డ కట్టి, అది ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టుకుంటూ పోతారు. కాకపోతే మిగతావాళ్లు పక్కన పెళ్లాన్ని కూర్చోబెట్టుకోరు. గసగసాల రొట్టె ఎవరి అమ్మ బాగా చేస్తుందని దారి పొడుగునా బార్బొరాతో వాదం పెట్టుకున్నాడు మహానుభావుడు. వాదంలో ఓడాడు, లెక్కా తప్పాడు. అయినా తగ్గలేదు. ఇదే మన హద్దు అని మేకు పాతి, గడ్డివేళ్లతో సహా పెళ్లగించిన మట్టిగడ్డలు పేర్చి ఇల్లు కట్టేశాడు.

అక్కడి నేల చదరంగం బల్లే. ఒక గడి సర్కారుది, పక్క గడి రైలు కంపెనీది. సర్కారు గడిలో అయిదేళ్లు కాపురముండి, రోజూ అక్కడే పడుకున్నానని ప్రమాణం చేస్తే పొలం ఊరికే ఇస్తారు. కంపెనీ గడి మాత్రం కొనుక్కోవాలి. కొనే స్తోమతే ఉంటే వోయ్‌టెక్ ఆ మట్టికొంపలో ఎందుకుంటాడు?

అయిదేళ్లు నిండి పట్టా చేతికొచ్చే వేళకు కంపెనీ మనిషి కొలత గొలుసుతో ఊడిపడ్డాడు. కొలుస్తూ కొలుస్తూ ఇంట్లోకి దూరాడు, మంచమెక్కి అవతల దిగాడు. హద్దు సరిగ్గా మంచం మధ్యగా పోయింది. గోడవైపు, బార్బొరా పడుకునే సగం సర్కారుది. వోయ్‌టెక్ సగం కంపెనీది. దరఖాస్తేమో వోయ్‌టెక్ పేరున ఉంది.

"ఇన్నేళ్లూ మా నేలమీద పడుకుని సర్కారు పొలం ఎలా అడుగుతావోయ్?" అన్నాడతను తాపీగా.

వోయ్‌టెక్‌ తవ్విన బావి, మిడతలతో పోరాడి దక్కించుకున్న మొక్కజొన్న, అంతా బూడిదలో పోసిన పన్నీరే.

భూముల కచేరీలో విచారణ పెట్టారు. ఏ పక్క పడుకునేవాడివని అధికారి వోయ్‌టెక్‌ను అడిగాడు. బార్బొరా లేచింది.

"ఈయన తన పక్కన ఒక్క రాత్రి పడుకున్న పాపాన పోలేదు బాబూ. కన్నంటుకోగానే దొర్లుకుంటూ నా సగంలోకి వచ్చేస్తాడు. నన్ను గోడకు అతికించేస్తాడు. కావాలంటే ఊళ్లో ఎవర్నైనా అడగండి."

సాక్షులుగా వచ్చిన పొరుగువాళ్లిద్దరూ నిజమేనన్నారు. ఈ మొర ప్రతి ఆదివారం చర్చి బయట వింటూనే ఉన్నామన్నారు. కంపెనీ నేలమీదున్న సగం ఇల్లు కూల్చి ఇవతల కట్టుకుంటామని బార్బొరా అప్పుడే మాట కూడా ఇచ్చేసింది. ఇక వోయ్‌టెక్ ప్రమాణం చేయడమే తరువాయి.

అక్కడే వచ్చింది చిక్కు. తాను దుంగలా కదలకుండా పడుకుంటాననీ, దొర్లేది బార్బొరాయేననీ అతను సారాకొట్టులో ఇన్నేళ్లుగా బల్ల గుద్ది చెబుతున్నాడు. ఆ సారాకొట్టు జనమంతా ఇప్పుడు కచేరీ కిటికీల దగ్గరే ఉన్నారు. ఒప్పుకుంటే పొలం దక్కుతుంది, పరువు పోతుంది. చాలాసేపు టోపీ నలిపాడు. చివరికి బైబిలు మీద చెయ్యి పెట్టాడు.

"దొర్లేది నేనే," అన్నాడు.

పట్టా ఇచ్చేశారు. బండి ఊరు దాటగానే బార్బొరా అతనివైపు తిరిగింది.

"అక్కడ ఏదో అన్నావు, నాకు సరిగా వినపళ్లేదు. మళ్లీ చెప్పవయ్యా."

చెప్పాడు. ఇల్లు చేరేదాకా చెప్పిస్తూనే ఉంది. తన పొలంలో తను బండి తోలుకుంటూ, సిగ్గుతో చస్తూ, వోయ్‌టెక్ అంత సంతోషంగా ఎన్నడూ లేడు.