పట్టా మైసమ్మకు దడి

మీరు పనిచేసే చోట తిరిగే చక్రానికి కంచె ఉందా, నిమ్మకాయ ఉందా? దాటవేయకుండా చెప్పండి. రెండూ ఉన్నాయంటే మీ యజమాని ముందుచూపు గలవాడు, ఆయన్ను వదిలేద్దాం. నిమ్మకాయ ఒక్కటే ఉందంటే మాత్రం కుర్చీ కాస్త ఇటు జరుపుకోండి. నాకు మీతోనే పని.

ఆ రోజుల్లో మా దిక్కు ఏం జరిగినా రెండే కారణాలు చెప్పేవాళ్లు. మంచి జరిగితే దొర దయ, చెడు జరిగితే దేవత కోపం. మొదటి కారణం సంగతి ఊళ్లల్లో దొరల మీద లేచిన రైతుల సంఘం చూసుకుంది. వెట్టి ఆగిపోయింది, గుతుప కర్రలు పట్టుకున్న జనాన్ని చూసి దొరలు గడీలకు తాళాలేసి పట్నం బాట పట్టారు. ఇక మిగిలిన రెండో కారణం సంగతి నేను చూసుకుంటానని, మీసం ఇంకా సరిగ్గా మొలవని వయసులో, నాకు నేనే బాధ్యత అప్పజెప్పుకున్నాను. (ఎవరూ నన్ను అడగలేదు. అలాంటి బాధ్యతలు తీసుకొమ్మని ఎవరూ అడగరు, అందుకే అవి అంత తియ్యగా ఉంటాయి.) హనుమకొండ బడిలో ఉర్దూలో చదువుకొని, గ్రంథాలయంలో తెలుగులో పేట్రేగినవాణ్ణి. ఆదివారం పూట అక్కడ వాదసభలు జరిగేవి. జాతకాలు నిజమా, దయ్యాలున్నాయా, ఇలాంటివి. మాట్లాడేవాళ్లందరం తెల్లని కండువా వేసుకునేవాళ్లం. వాదన ఎక్కడ పలచబడితే అక్కడ కండువాను విసురుగా ఎడమ భుజం మీదికి వేయడం పద్ధతి. నా కండువా మిగతావాళ్ల కండువాలకన్నా తొందరగా పాతబడిందని ఇప్పుడు గుర్తొస్తే నవ్వొస్తుంది.

ఆదివారం రైలెక్కి పోయి వచ్చేవాణ్ణి, మిగతా రోజుల్లో జనగామ స్టేషను వెనక ఒక వడ్ల గిర్నిలో తూకం రాళ్లతో వడ్లు జోకేవాణ్ణి. ఆ కొలువు ఇప్పించింది మా మేనత్త. కురవి దిక్కు నుంచి వచ్చి అదే గిర్నిలో కూలి చేసేది. అమ్మ పోయినప్పటి నుంచి నన్ను సాదింది ఆమే. ఒక గదిలో ఆయిల్ ఇంజను, పక్క కొట్టంలో వడ్లు దంచే యంత్రం, రెండింటినీ కలుపుతూ గోడకున్న సందులోంచి పరుగెత్తే వెడల్పాటి తోలు పట్టా. ఆ పట్టా కింద నూకలు రాలేవి. గిర్ని యజమాని సావుకారికి నూకల మీద ప్రాణం. ఇంజను ఆపితే మళ్లీ నడిపించడానికి మనుషులు, నూనె, తిట్లు అన్నీ ఖర్చవుతాయి కాబట్టి ఆపేవాళ్లు కాదు. తిరుగుతున్న పట్టా కిందికి వంగి, కొంగు నోట కరుచుకొని, మా అత్త ఆ నూకలు ఊడ్చేది. ఆమె వంగినప్పుడల్లా నాకు తూకం తప్పేది. పట్టా ఆమె కొప్పుకు జానెడు ఎత్తులో పోతుండేది.

అంతకు ముందే ఆ పట్టా మిస్త్రీ మామ ఎడమ చేతి వేళ్లు రెండు తీసుకుంది. మిస్త్రీ మామ అంటే ఇంజను నడిపించే ఆయన. నడుస్తుండగానే చక్రానికి నూనె పొయ్యమన్నారు, పోశాడు, వేళ్లు పోయాయి. వరంగల్ దవాఖానకు పోయి వచ్చేసరికి ఇక్కడ తీర్పు సిద్ధంగా ఉంది. ఇంజనులో మైసమ్మ ఉంది, ఆమెకు కోపమొచ్చింది. ప్రతి శుక్రవారం సావుకారి స్వయంగా చక్రానికి కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ కట్టేవాడు. ఎవరికి దెబ్బ తగిలితే ఆ మనిషే కోడిని తేవాలి. కోడిని పట్టా మైసమ్మకు చూపించాక అది సావుకారి వంటింటికి పోయేది. "వేళ్లు పోయినప్పుడు ఏడ్వలేదు అల్లుడా, కోడి పోయినప్పుడు ఏడ్చిన" అనేవాడు మిస్త్రీ మామ. "వేళ్లు ఇంక మూడున్నయి. కోడి ఒక్కటే ఉండె."

ముందు నేను మర్యాదగానే అడిగాను. "సావుకారీ, పట్టా చుట్టు కంచె కట్టించాలె."

"ఎందుకు?"

"మనుషులు దాంట్ల పడకుండ."

"నేను పడ్డనా ఎన్నడన్న?"

"మీరు ఎన్నడు దాని దగ్గరికి రారు గద."

"మరి వాళ్లు ఎందుకు పోతున్నరు?"

గ్రంథాలయంలో ఏ ప్రత్యర్థీ నన్ను ఇంత తక్కువ మాటల్లో పడగొట్టలేదు. చివరి అస్త్రంగా సంఘం పేరెత్తాను. ఆయన ముఖం కొంచెం తెల్లబడింది. తలుపు దిక్కు చూశాడు, ఆ తర్వాత కిటికీలోంచి పోలీసు ఠాణా దిక్కు చూశాడు, ధైర్యం కూడగట్టుకున్నాడు. "గిది ఊరు గాదు, జనగామ. గిక్కడ నాకు మైసమ్మ ఉన్నది, ఠాణా ఉన్నది. పోయి వడ్లు జోకు."

ఇక లాభం లేదు, మూఢనమ్మకాన్ని జనం ముందే కూల్చాలని నిర్ణయించుకున్నాను. మరునాడు ఆదివారపు కండువా వేసుకొని గిర్నికి పోయాను. అత్త చూసి, "ఏందిరా, పెండ్లా?" అంది. మధ్యాహ్నం కూలోళ్లందరూ కొట్టంలో ఉన్నప్పుడు పట్టా పక్కనున్న వడ్ల బస్తాల మీదికెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. ఇంజను ఆపమని అడిగితే ఎవరూ ఆపలేదు కాబట్టి అరుస్తూనే చెప్పాను. ఆవిరి గురించి, నూనె గురించి, ఇనుము గురించి చెప్పాను. (ఆ ఇంజనుకు ఆవిరితో ఏ సంబంధమూ లేదు. మిస్త్రీ మామ తల అడ్డంగా ఊపుతుంటే నా వాగ్ధాటికి మైమరచి ఊపుతున్నాడనుకున్నాను.) సావుకారి కూడా గడపలో వచ్చి నిలబడ్డాడు. నాకు కావలసిందీ అదే. పట్టా దిక్కు చెయ్యి చాపి, "గిది తోలు. గిందుల ఏ మైసమ్మ లేదు. ఉంటే నన్ను పట్టుకోమనున్రి" అని, అలవాటు చొప్పున కండువాను విసురుగా భుజం మీదికి వేశాను.

మైసమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కండువా కొసను పట్టా అందుకుంది. మెడ మీద నిప్పుతో గీసినట్టయింది, నేను బస్తాల మీద బోర్లా పడ్డాను, కండువా మాత్రం నన్ను వదిలి గోడ సందులోంచి ఇంజను గదిలోకి పోయి, చక్రానికి చుట్టుకొని టపటపమని కొట్టుకుంది. ముడి వేసుకొని ఉంటే ఈ జ్ఞాపకాలు రాసేవాడు ఉండేవాడు కాదు. మిస్త్రీ మామ ఉరికిపోయి ఇంజను ఆపాడు. ఎన్నడూ ఆగని గిర్ని ఆగింది. అందరికన్నా ముందు నా దగ్గరికి వచ్చింది అత్త. నా మెడ తడిమి చూసింది, తల ఉందని నమ్మకం కుదిరాక నెత్తి మీద ఒకటి ఇచ్చింది.

సావుకారి రెండు చేతులూ జోడించి నిలబడ్డాడు. ఆ ముఖంలో భక్తి, ఆనందం సరిసమానంగా ఉన్నాయి. "చూసిన్రా? పట్టమన్నడు, పట్టింది. గంత మహిమ గల తల్లి. ఇగ కోడి తేవాలె. పుంజైనా మంచిదే, పెట్టైనా మంచిదే."

మా ఇంట్లో ఉన్నది ఒక్క పెట్ట. గుడ్ల మీద పొదుగుతూ కూర్చుంది. అత్త నెమ్మదిగా లేచి కొంగు నడుముకు చుట్టుకుంది. ఆమె అలా చుట్టుకున్నదంటే మా వాడలో మగవాళ్లు వేరే పని వెతుక్కునేవాళ్లు.

"కోడి ముచ్చట తర్వాత, సావుకారీ. నాకో అనుమానమున్నది, జర చెప్పున్రి. గీమె మైసమ్మనే గద?"

"అనుమానమా? ఇప్పుడే గద చూసినవ్?"

"చూసిన. మరి మా ఊర్ల మైసమ్మకు చుట్టు దడి ఉంటది. లోపటికి ఎవ్వరు పోరు, మొక్కేటోళ్లు బయట నిలబడి మొక్కుతరు. మీరేమో గీ తల్లిని బజార్ల కూసోబెట్టినట్టు కూసోబెట్టిన్రి. పెయ్యి కడుక్కున్నోళ్లు, కడుక్కోనోళ్లు అందరు రాసుకుంట పోతున్నరు. నేను ఆమె కిందికెల్లి చీపురు పట్టుకొని దూరుతున్న. తల్లి కింద చీపురు. ఆమెకు కోపం రాదా?"

కాదంటే మైసమ్మ లేనట్టు, అవునంటే దడి కట్టాలి. సావుకారి ఇరుక్కోవడం నేను బస్తాల మీద పడుకొనే చూశాను.

మిస్త్రీ మామ అప్పటికి సంగతి అందుకున్నాడు. మూడు వేళ్ల చేతితో గడ్డం గోక్కుంటూ, "ఇంకోటి. మనిషికి దేవత పూని సిగమొచ్చి ఊగుతుంటె ఎవ్వరన్న చెయ్యి పెడ్తరా? సిగం దిగినంకనే గద దగ్గరికి పోతం. నేను తిరిగేటప్పుడు నూనె పోసిన, తల్లి వేళ్లు తీసుకున్నది. నాది తప్పే" అన్నాడు. ఇక కొట్టంలో ఒక్కొక్కరికీ ఒక్కో భక్తి పుట్టుకొచ్చింది. ఊక తూర్పార పట్టే ఆడవాళ్లు ఏళ్ల తరబడి దుమ్ముకు దగ్గుతున్నవాళ్లు. వాళ్లలో ఒకామె, అమ్మవారి ముందు నోరు తెరిచి దగ్గడం తప్పు కాబట్టి అందరికీ ముక్కుకూ నోటికీ కట్టుకోవడానికి గుడ్డలు ఇప్పించాలన్నది. ఇంకొకామె, తల్లికి గాలీ వెలుతురూ ఆడాలె, ఆ వెనక కిటికీ తెరిపించాలన్నది. సావుకారి ప్రతిదానికీ తల ఊపుతూ వచ్చాడు. చివరికి ఎవరో, మధ్యాహ్నం మైసమ్మ కాసేపు కునుకు తీస్తుంది కాబట్టి ఇంజను ఆపి అందరూ పండుకోవాలన్నారు. అక్కడ మాత్రం ఆయనకు అనుమానం తగిలింది. "బువ్వ తినే దాక ఆపుత. తల్లి కూసొనే కునుకు తియ్యని" అన్నాడు.

ఆ వారంలోనే దడి లేచింది. నడుమెత్తు టేకు కట్టెలు, గట్టి దడి. దానికి పసుపు, కుంకుమ, వేపమండలు. నూకలు ఊడ్చేది ఇంజను ఆగినాకే, నూనె పోసేది సిగం దిగినాకే. కోడి సంగతి ఆ సంబరంలో సావుకారి మరిచిపోయాడు. గిర్నిలో మొహం మాడ్చుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. పొద్దుగూకాక అత్త రొట్టెలు కొడుతుంటే పక్కన కూర్చొని వాదనకు దిగాను.

"అత్తా, అబద్ధం మీద కట్టిన దడి అది."

"కాదు, భూమిల గుంజలు పాతి కట్టిన్రు. నేను చూసిన."

"జనానికి నిజం చెప్పాలె. అది మైసమ్మ కాదని చెప్పాలె."

"చెప్పు. జర కండువ వేసుకొని పోయి చెప్పు." నవ్వు ఆపుకోలేక రొట్టె మాడ్చింది. మాడిన రొట్టె నాకే పెట్టింది. "దడి పీకించినవంటే మాత్రం నీ కాళ్లిరగ్గొడ్త."

ఆ ఆదివారం గ్రంథాలయంలో విషయం 'దైవభక్తి వల్ల లోకానికి మేలా, కీడా'. నేను కీడు పక్షం. ముప్పావు సభ నా వైపు ఉండగా ప్రత్యర్థి లేచి, "వక్తగారు పనిచేసే గిర్నిలో దడి కట్టించినది ఎవరు?" అని ఒక్క ప్రశ్న వేసి కూర్చున్నాడు. జవాబు కోసం భుజం తడుముకున్నాను. కండువా లేదు.

వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, బువ్వకు ఇంజను ఇంకా ఆపలేదు. అత్త దడికి ఇవతల, కింద కూర్చొని సద్ది మూట విప్పి మొదటి ముద్ద కలుపుతోంది. నేను తూకం రాళ్లు సర్దుతున్నాను. తుపాకి పేలినట్టు శబ్దమైంది. తేమకు పట్టా కుట్టు విడిపోయి, తెగిన కొస కొరడాలా లేచి ఇటు విసురుగా వచ్చి దడిని కొట్టింది. రెండు కట్టెలు నడిమికి విరిగాయి. పట్టా దడి మీద పడి, చచ్చిన పాములా వేలాడింది. దడి లేకపోతే అది తగిలేది అత్త నెత్తికి. అత్త చేతిలో ముద్ద అలాగే ఉంది. సావుకారి పరుగెత్తుకొచ్చి, విరిగిన కట్టెలను చూసి, చేతులు జోడించాడు.

నాలోని వాది ఊరుకోడు కదా.

"మైసమ్మ కాపాడింది బిడ్డా" అంది అత్త.

"మైసమ్మ కాదత్తా. దడి."

"దడా? సరే. దడి ఎవరు కట్టించిన్రు?"

"నువ్వే."

"అయితే నాకు మొక్కు."

మొక్కాను. నా జన్మలో నేను మనసారా మొక్కింది అదొక్కసారే, హేతువాదులు క్షమించాలి. వంగిన నా నోట్లో ఆమె ఆ ముద్దే పెట్టింది, మామిడికాయ తొక్కుతో.

ఆ గిర్ని ఇప్పుడు లేదు. అత్త కూడా లేదు. దగ్గు లేకుండా, పది వేళ్లతో, పండు ముసలిదై పోయింది. మొన్న టేకుమట్ల దిక్కు ఒక పనిమీద పోయి, ఎండకు తాళలేక ఒక పిండి గిర్ని నీడన నిలబడ్డాను. లోపల మోటారు, దాన్నుంచి మరకు ఉరికే పట్టా. చుట్టూ ఏమీ లేదు. ఒక ఆడమనిషి వేలాడే కొంగుతో పక్కనే వంగి పిండి ఎత్తుతోంది. చక్రానికి మాత్రం పచ్చని నిమ్మకాయ. చట్టం గురించి, ప్రమాదాల గురించి ఉపన్యాసం మొదలుపెట్టాను. నడిపించే పిల్లగాడు మర్యాదగా విని, "నిమ్మకాయ రోజూ మారుస్తున్న తాతా, ఏం పరేషాన్ లేదు" అన్నాడు. నా చెయ్యి అలవాటుగా భుజం మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు కాబట్టి ఆగి, గొంతు తగ్గించి అడిగాను. "అది సరే బిడ్డా, మైసమ్మకు దడి ఏది?" వాడు పట్టాను చూశాడు, ఆమె కొంగును చూశాడు, మోటారు ఆపాడు. "గది నిజమే తాతా" అన్నాడు. బయటికి వచ్చి చాలాసేపు ఒంటరిగా నవ్వుకున్నాను. అరవై ఏళ్లు దగ్గరపడుతున్న ఈ నాస్తికుడి నోట మా అత్త మాట్లాడింది.

అయితే ఒక మాట. మా అత్తకు చట్టం లేదు, ఠాణా సావుకారిది, ఆమె చేతికి అందిన ఆయుధం మైసమ్మ ఒక్కతే. మీకు చట్టం ఉంది, నోరుంది, పక్కన పది మంది ఉన్నారు. మీరు మైసమ్మ చాటున దాక్కోవలసిన పనిలేదు. కుర్చీ ఇటు జరుపుకున్నారు కదా, ఇప్పుడు లేవండి. రేపు పొద్దున పని మొదలుకాక ముందే పోయి, పక్కవాళ్లను కూడగట్టుకొని, ఆ చక్రం ఆపించండి. దడి లేచేదాకా మళ్లీ తిరగనివ్వకండి.