తిరుగుదారి అడిగే మిషో సార్

అల్సీడ్ మిషో సార్‌కి ఉన్నది ఒకటే జబ్బు. దేనికైనా సరేననే ముందు, బయటపడే దారేదని అడుగుతాడు. తల్లి కడుపులోంచి కూడా కాళ్ళే ముందు బయటపెట్టాడట. లోకం నచ్చకపోతే వెనక్కి పోవచ్చని తల లోపలే ఉంచుకున్నాడట. ఇది మంత్రసాని చెప్పింది కాదు, ఊరంతా చెప్పేది. కనుక నిజమే అయ్యుండాలి.

అమెరికాలోని మేన్ రాష్ట్రం ఉత్తరపు కొసన, ఏటి అవతలి గట్టు కెనడా అయిన మా బంగాళాదుంపల ఊళ్ళో ఆయన హైస్కూలు కౌన్సెలర్. పిల్లలకు కాలేజీ దారులు చూపించడం ఉద్యోగం. అలాంటివాడికి అలాంటి ఉద్యోగం ఇవ్వడమంటే కోళ్ళగూటికి నక్కను కాపలా పెట్టడమేనని కొందరు, కాదు, నక్కకు కోళ్ళను కాపలా పెట్టడమని కొందరు.

హోటల్లో లొరెయిన్ కాఫీ కూజా పట్టుకొచ్చి, "ఇంకో కప్పు పొయ్యనా సార్?" అంటుంది.

"పోశాక వద్దనిపిస్తే?"

"వదిలెయ్యండి! తాగకపోతే జైల్లో పెడతామా?"

"అది ముందే చెప్పాలి కదా, పొయ్యి."

చర్చిలో ఆయనది తలుపు పక్క బల్ల. కోటు విప్పడు. ఎలాగూ మధ్యలో లేచి వెళ్ళే మనిషేనని ఆ బల్ల మీద ఇంకెవరూ కూర్చోరు. మిషో స్వర్గానికి వెళ్తే, ద్వారం తీసిన దేవదూతను "ఇది లోపలివైపు నుంచి కూడా తెరుచుకుంటుందా నాయనా?" అని అడుగుతాడని ఫాదర్ గారే ఒకసారి నవ్వారు. వయసులో ఉండగా ఒక టీచరమ్మను పెళ్ళాడబోయి, ముహూర్తానికి వారం ముందు ఇదే ప్రశ్న వేశాడట. దారి ఆవిడే చూపించింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక కుర్చీ, ఒక కంచం, ఒక దీపం.

ఈ మనిషి దగ్గరికి అక్టోబరు చివర, బడిలో ఆఖరి ఏడు చదువుతున్న డెలానీ థిబొడో వచ్చింది, తండ్రి నార్మ్‌ని వెంటబెట్టుకుని.

దుంపలు తవ్వే రోజుల్లో మా బడికి సెలవులిస్తారు. పిల్లలంతా పొలాల్లోనే. డెలానీ చిన్నప్పటి నుంచి తవ్వే యంత్రం మీద నిలబడి దుంపల్లోంచి రాళ్ళు ఏరేది. ఏరి ఏరి రాళ్ళ మీదే మనసు పడింది. ఈ రాయి ఎక్కడిది, ఏ మంచు మోసుకొచ్చింది, దాని వయసెంత? అడుగుదామంటే వినేవాడు లేడు. పక్కన నిలబడ్డ పిల్లలు "రాయే కదే, పారెయ్" అనేవారు. యంత్రం రొదలో తనలో తనే మాట్లాడుకుని ఊరుకునేది. దక్షిణాన సముద్రం పక్కన ఒక కాలేజీ ఉంది. అక్కడ ఒక భవనం భవనమంతా రాళ్ళ గురించి మాట్లాడేవాళ్ళే ఉంటారట. ఆ మాట విన్న రోజున డెలానీకి అన్నం సయించలేదు.

ఆ కాలేజీకి ఎర్లీ డెసిషన్ కింద దరఖాస్తు పెట్టాలని పట్టుదల. నవంబరు ఒకటిలోపు పెట్టాలి. సీటిస్తే చేరి తీరతానని, మిగతా కాలేజీలన్నీ వదులుకుంటానని ముందే సంతకం చేయాలి. పిల్ల సంతకం, ఇంట్లోవాళ్ళ సంతకం, కౌన్సెలర్ సంతకం. అలా మాటిచ్చినవాళ్ళకు సీటు తేలిగ్గా దొరుకుతుందని పేరు.

"మేమిద్దరం చేసేశాం. ఇక మీదే ఆలస్యం మాస్టారూ" అన్నాడు నార్మ్.

మిషో కలం తీశాడు. మూత పెట్టేశాడు. "వద్దనుకుంటే దారేది?"

"అడుగుతారని పందెం కాశా!" నార్మ్ తొడ చరుచుకున్నాడు. "ఉందట. వాళ్ళిచ్చే ఫీజు సాయం చాలకపోతే వదిలేయొచ్చట."

"ఆ తలుపు నేనూ చూశాను. చాలదని ఒప్పించాల్సింది మీరు. చాలుతుందో లేదో లెక్కకట్టేది వాళ్ళు. చేతిలో ఇంకో కాలేజీ మాటంటూ లేకుండా ఏం చూపించి బేరమాడతారు?"

"బేరమెందుకు? వాళ్ళ వెబ్‌సైట్లోనే లెక్కేశా. ఏడాదికి ఎనిమిది వేల డాలర్లు కట్టుకుంటే చాలంది."

"ఆస్తి దగ్గర ఏం వేశావు?"

"సున్నా. మాకు ఆస్తెక్కడిది మాస్టారూ, పొలం తప్ప!"

మా ఊళ్ళో ఎవర్నడిగినా ఇదే చెబుతారు. పొలం ఆస్తేమిటి, పొలం పొలమే. తాత దున్నాడు, తండ్రి దున్నాడు, బ్యాంకువాడు తప్ప దాన్ని సొమ్మని ఎవరూ అనరు. మిషో మాత్రం ఒక్క నిట్టూర్పు విడిచి, కాలేజీ సాయం ఆఫీసుకు ఫోన్ కలిపి, అందరికీ వినబడేలా బల్ల మీద పెట్టాడు. ప్రెంటిస్ అనే ఆవిడ పలికింది.

"ఎన్ని ఎకరాలండీ?"

"నాలుగొందలు" అన్నాడు నార్మ్.

అవతల లెక్కల మీటలు టకటకలాడాయి. "ఆయన చాలా కలిగినవారండీ."

ఎవర్నంటోందోనని నార్మ్ వెనక్కి తిరిగి చూశాడు.

పొలాన్నీ కలిపితే ఏడాదికి ముప్ఫై వేలు దాటి మీరే కట్టుకోవాల్సి రావచ్చు, కొంత భూమి అమ్ముకునే వీలుందేమో చూడండి అంది ఆవిడ. "అమ్మితే రాళ్ళు కూడా పోతాయి కదమ్మా" అన్నాడు నార్మ్. అతనికి తోచింది అదొక్కటే. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని దాని అంచు తిప్పుతూ కూర్చున్నాడు. డెలానీకి తండ్రి ముఖం వైపు చూడబుద్ధి కాలేదు.

"మామూలు గడువులో పెట్టు అమ్మాయ్" అన్నాడు మిషో. "ఇక్కడా పెట్టు, ఇంకో నాలుగు చోట్లా పెట్టు. ఎవరేమిస్తారో చూసి అప్పుడు మాటివ్వు."

"అప్పుడు ఇక్కడ సీటు రాకపోతే?"

"రాకపోవచ్చు."

డెలానీ లేచింది. "మీరు జన్మలో ఎక్కడా కుదురుగా ఉండలేదు సార్. అందుకే ఇంకెవర్నీ ఉండనివ్వరు!"

నార్మ్ "ఏయ్!" అన్నాడు. మిషో, గది వెచ్చగానే ఉన్నా కోటు గుండీలు పెట్టుకున్నాడు. డెలానీ మాత్రం ఆ కాగితం తనే తీసుకుని, మడిచి, చెత్తబుట్టలో వేసి వెళ్ళిపోయింది. తన కోసం పొలం అమ్మమంటే నాన్న అమ్మేస్తాడని ఆమెకు తెలుసు. భయమంతా అదే.

ఆ శీతాకాలం మంచు ఎంత పడిందంటే, మా వీధిలో ఒకాయన పొగగొట్టం లోంచి బయటికొచ్చి పాలు కొనుక్కున్నాడు. డెలానీ అయిదు చోట్లకు దరఖాస్తులు పెట్టింది. మిషో అన్నిటికీ సిఫారసు రాశాడు. ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆదివారాలు చర్చిలో ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసేది. తలుపు పక్క బల్ల మీద కోటుతో ఆయనొక్కడే. ఇక్కడే ఉండిపోతే, రాళ్ళతో మాట్లాడుతూ తనూ ఇలాగే అవుతుందేమోననిపించి గబుక్కున ముందుకు తిరిగేది.

మార్చి చివర జవాబులొచ్చాయి. సముద్రం పక్క కాలేజీ సీటిచ్చింది! సాయం మాత్రం చిటికెడు. కట్టాల్సింది ముప్ఫై రెండు వేలు. పక్క రాష్ట్రం కాలేజీ ఒకటి తొమ్మిది వేలు కడితే చాలంది. అక్కడ రాళ్ళ గురించి చెప్పేది ఒక్కాయన, ఆయనా వచ్చే ఏడు రిటైరవుతున్నాడు. డెలానీ రెండు ఉత్తరాలూ మిషో బల్ల మీద పెట్టింది.

"రెండోదానికి సరేనంటాను సార్."

"గడువెప్పుడు?"

"మే ఒకటి."

"అప్పటిదాకా నోరు మెదపకు."

మర్నాడు మిషో బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చర్చి గంట మోగకపోయినా ఊరు ఊరుకునేదే కానీ, ఇది చూసి ఊరుకోలేకపోయింది. హోటల్లో గుసగుసలు. "ఇన్నాళ్ళకి ఊళ్ళోంచి బయటపడే దారి దొరికినట్టుంది" అంది లొరెయిన్. అని, ఖాళీ కుర్చీ ముందు అలవాటుగా కప్పు పెట్టి, మళ్ళీ తీసేసింది.

వారం తర్వాత డెలానీకి ఫోనొచ్చింది. ప్రెంటిస్ గారు.

"మీ సార్ క్షేమంగా ఇల్లు చేరారామ్మా?"

"మీకెలా తెలుసు మా సార్?"

"తెలియకపోవడమేమిటి! రోజంతా కారు నడుపుకుంటూ వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు. మీ నాన్న మూడేళ్ళ పంట లెక్కలు, ఆ రెండో కాలేజీవాళ్ళ ఉత్తరం, ఒక బస్తా. విప్పితే సగం దుంపలు, సగం రాళ్ళు. 'మీరు కలిగినవాళ్ళంటున్న వాళ్ళ ఆస్తి ఇదీ' అన్నారు. పరిశీలిస్తాం, వెళ్ళిరండి అన్నాను. వెళ్ళలేదు. ఆఫీసు మూసే వేళైంది, లేవండి అన్నాను. లేవలేదు. చివరికి నేనే వెళ్ళి తలుపు బార్లా తీసి పట్టుకున్నాను."

"అప్పుడు?"

"'చలిగాలి వస్తోందమ్మా, వేసెయ్యండి' అన్నారు."

డెలానీ పకపకా నవ్వింది. నవ్వు కాక ఇంకేదో కూడా అందులో ఉంది. పొలాన్ని సాగు పనిముట్టు కింద లెక్కవేసి సాయం పెంచారని, ఏడాదికి పదకొండు వేలు కడితే చాలని ప్రెంటిస్ గారు చెబుతూనే ఉంది.

మర్నాడు డెలానీ మిషో గదికి వెళ్ళింది. "నాన్నకి ముందే తెలుసట. చెబితే నాకొచ్చిన సీటు కాస్తా పోతుందని బెదిరించారట కదా!"

"బయట మంచు పడుతుంటే అక్కడ ఆగాను, అంతే" అన్నాడు మిషో, కాగితాల్లోంచి తలెత్తకుండా.

"ఏప్రిల్లోనా?"

"మంచుకి కాలెండరు తెలుసా? సరేనన్నావా?"

"అన్నాను. అప్పుడు నేనన్న మాట..."

"ఏ మాట? నాకు చెవుడు."

డెలానీ తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి రమ్మంది అమ్మ."

మిషో కలం కింద పెట్టాడు. "మధ్యలో లేచి పోవాల్సొస్తే?"

"కుదరదు. మీ కారుకి అడ్డంగా ట్రాక్టరు పెడతానన్నాడు నాన్న."

మిషో కిటికీలోంచి బయటికి చూశాడు. గోడ వైపు చూశాడు. 

"భోజనంలోకి ఏమిటట?" అన్నాడు.