తలుపు కింద భోజనం

చెత్త లారీలకు నమూనాలు గీసే ఆవిడ బల్ల దగ్గర కన్నా లారీల మరమ్మతు షెడ్డులోనే ఎక్కువ కనిపిస్తుంది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, చెవి మీద పెన్సిల్ దోపి, కొత్త బోల్టు కంటబడితే చాలు, దాని పక్కన పిడికిలి దూర్చి చూస్తుంది. మెకానిక్ చెయ్యి పట్టని చోట బోల్టు పెట్టినవాళ్లను ఆవిడ తిట్టే తిట్లు షెడ్డంతటికీ కంఠతా వచ్చు. లారీ వెనక తలుపు మనిషిని నలిపేసేంత బరువు. దాన్ని పైకెత్తి కింద గ్రీజు పెట్టేటప్పుడు జారిపడకుండా నిరుడు ఆవిడే ఒక ఇనప ఊతకడ్డీ అమర్చింది.

ఒకరోజు పెద్ద మెకానిక్ ఆ కడ్డీని ముట్టుకోకుండా, తలుపుకు కర్రదుంగ ఒకటి ఆనించి కిందికి దూరడం ఆవిడ కంట పడింది. "నా కడ్డీ ఏం పాపం చేసింది బాబాయ్?" అంది. "మంచి కడ్డీయేనమ్మా. కానీ దాన్ని నిలబెట్టాలంటే ముందు ఊత లేని తలుపు కిందికే వెళ్లాలి. దుంగైతే పక్కనుంచే నెట్టేస్తాను" అన్నాడాయన. ఆవిడ బోల్టులు పెట్టినవాళ్లను తిట్టే ఆ తిట్లన్నీ వరసగా తననే తిట్టుకుంది. షెడ్డువాళ్లు మర్యాదగా విన్నారు. నెల తిరిగేసరికి కడ్డీకి బయటినుంచి లాగే పిడి వచ్చింది. అలవాటు కొద్దీ పెద్ద మెకానిక్ దుంగ అందుకోబోతే ఆవిడ లాక్కుని, పిడి లాగి కడ్డీ నిలబెట్టి, ఆ దుంగనే పీటలా వేసుకుని తలుపు కింద కూర్చుని భోజనం డబ్బా విప్పింది. చివరి ముద్ద దాకా ఆయన నిలబడి తలుపునే చూశాడు. "ఇక లేమ్మా, గ్రీజు పెట్టుకోవాలి" అన్నాడు.