డి డ్రైవ్‌లో మా ఆవిడ గొంతు

పటమటలో మా ఇంట్లో కంప్యూటర్ హాల్లోనే ఉంటుంది, పెళ్లిపందిరికి తగిలించేంత పెద్ద స్పీకర్లతో. అదంతా మా ఆవిడ కోసం. లెక్కల టీచరుగా ఆమె పాఠం చెబుతుంటే పక్క క్లాసు పిల్లలు కూడా ఎక్కాలు అప్పజెప్పేవారట. గొంతులో క్యాన్సర్ వచ్చింది. స్వరపేటిక తీసేయాలని డాక్టర్ చెప్పాక ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంట్లో తనకు అవసరమయ్యే మాటలన్నీ ఒక్కొక్కటిగా రికార్డు చేసుకుంది. “ఏవండీ, ఒకసారి ఇటు రండి.” “గ్యాస్ కట్టేశారా?” “ఎవరో వచ్చారు, చూడండి.” “ఏంటండీ ఆ మొహం, ఆముదం తాగినట్టు?”

ఆపరేషన్ తర్వాత మా సంసారం అలాగే నడిచింది. ఆమె మౌస్ నొక్కేది, స్పీకర్లు పిలిచేవి, నేను పలికేవాణ్ని. నన్ను తిట్టాల్సి వస్తే స్పీకర్ల సౌండు పెంచేది. ఆ మాటల్ని ఫోన్లోకి ఎక్కించుకుందామంటే ఒప్పుకోలేదు. “నా గొంతు ఇంట్లో ఉండాలి గానీ బజార్లో వద్దు” అని పలక మీద రాసి చూపించింది. అసలు మాట్లాడలేని మనిషికి ఫోనే దండగంది. తన నంబరుకు రీచార్జి మానేయించింది. నాకూ అది సబబుగానే తోచింది.

కొన్నాళ్లకు కంప్యూటర్ తెర మీద రోజూ ఒక హెచ్చరిక రావడం మొదలైంది. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇక రక్షణ ఉండదట, కొత్తదానికి మారాలట. నేను ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్లో పనిచేసి మానేసినవాణ్ని. బండి ఆగకముందే పార్టు మార్చుకోవాలని ఎంతమందికి బోధించానో! ఏ వైరసో వచ్చి ఆమె మాటలు పోతే ఎలాగన్న భయంతోనే ఆ పనికి పూనుకున్నాను. వీడియోలు చూశాను. ముందు బ్యాకప్ తీసుకోవాలని అందరూ చెప్పారు. సి డ్రైవ్‌లో ఉన్న ఆమె మాటలన్నీ డి డ్రైవ్‌లోకి కాపీ చేశాను. సి పోయినా డి పోదని మన వైపు చదువురానివాళ్లకు కూడా తెలుసు. డి డ్రైవ్ అంటే మనకు బ్యాంకు లాకరు. రెండూ ఒకే పెట్టెలోని రెండు అరలేనని, తాళం పడితే పెట్టె మొత్తానికి పడుతుందని నాకు తట్టలేదు.

కొత్త సిస్టమ్ ఎక్కడానికి లోపల ఏవో సెట్టింగులు మార్చాలంటే మార్చాను. మెషీను ఆగి మళ్లీ లేచింది. నీలం తెర మీద రికవరీ కీ అనే పొడుగాటి నంబరేదో కొట్టమంది. అలాంటిదొకటి ఉంటుందనే నేనెరగను. సెట్టింగులు వెనక్కి తిప్పినా అదే తెర.

రిపేరు చేసే ఆయన్ని పిలిపించాను. చాలాసేపు కుస్తీ పట్టి పెదవి విరిచాడు.

“డిస్కు మొత్తం లాకైపోయిందండి. సి, డి రెండూ. ఆ కీ ఈ కంప్యూటర్‌కి మేడంగారి పేర పెట్టిన ఆన్‌లైన్ అకౌంట్లో ఉంటది. పాస్‌వర్డ్ గుర్తుందా అండి?”

పాస్‌వర్డ్ పెట్టింది కంప్యూటర్ అమ్మిన షాపాయన. ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు.

“అయితే ఆ అకౌంటుకిచ్చిన ఆవిడ నంబరుకి ఓటీపీ వచ్చిద్దండి. అది కొడితే చాలు” అన్నాడు.

రీచార్జి లేక ఆ నంబరును కంపెనీవాళ్లు ఎప్పుడో ఇంకొకరికి ఇచ్చేశారు. విషయం తెలిశాక మా ఆవిడ వంటింట్లోకి వెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. ఆపరేషన్‌ రోజున కూడా నేను అంత బెంబేలు పడలేదు. ఇల్లంతా గోడలే ఉన్నట్టనిపించింది.

చివరికి ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ స్పీకర్లో పెట్టి ఆ నంబరుకు చేశాను. చల్లపల్లి నుంచి ఎవరో ఒకావిడ ఎత్తింది. సంగతంతా ఓపిగ్గా వింది.

“ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని రోజూ మొత్తుకుంటన్నారు కదండీ. మా తమ్ముడు ఇట్టాగే చెప్పేసి అకౌంటు ఊడ్పించుకున్నాడు.”

“ఇది డబ్బు గొడవ కాదమ్మా. మా ఆవిడ గొంతు.”

“ఏదో ఒకటి చెప్తారు కదండీ ఆ మోసగాళ్లు కూడా.”

వీడియో కాల్ చేస్తాం, మమ్మల్ని చూడండి అన్నాను.

“అమ్మో! తెలీనోళ్ల వీడియో కాల్ అసలెత్తనండీ.” తనే మళ్లీ అంది: “ఆవిడదే అంటన్నారుగా. ఆవిడతో ఒక్క మాట మాట్లాడించండి. ఆడమనిషి గొంతు వింటే నమ్ముతాను. ఓటీపీ చెప్పేస్తాను.”

“ఆవిడకి మాట రాదమ్మా. ఆపరేషన్ అయిందని చెప్పానుగా.”

“అవునండీ. అందరికీ ఆపరేషన్లే.”

వెటకారం కూడా కాదు, విసుగంతే. ఆవిడ స్థానంలో నేనున్నా అదే మాట అనేవాణ్ని. అందుకని ఆమెను తిట్టుకునే సుఖం కూడా నాకు దక్కలేదు.

మా ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నోటి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. మెడ దగ్గరి రంధ్రంలోంచి గాలి చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

“హలో... హలో... మాట్లాడండీ” అంది అవతలావిడ. కాల్ ముగిసినట్టు తెర మీద నాకు కనిపించింది.

మా ఆవిడ కళ్లు తెరవలేదు, ఇంకా చెబుతూనే ఉంది. తన పేరు, మా వీధి, తను పాఠాలు చెప్పిన బడి, పెదవులను బట్టి అన్నీ నాకు తెలుస్తున్నాయి. ఆపమనడానికి నాకు నోరు రాలేదు.