క్వాంగ్ గారి కారుకు రాని జబ్బు

క్వాంగ్ దెమావ్ గారికి ఉన్న పిచ్చి ఒక్కటే: తనిఖీ అక్కర్లేని కారుకు తనిఖీ చేయించడం.

ఆ కారు తెల్లగా, బుల్లిగా, సీట్లకు వేసిన ప్లాస్టిక్ తొడుగులు కూడా తియ్యకుండా, ఇప్పుడే పెళ్లిపీటల మీంచి లేచొచ్చినట్టు ఉండేది. కొని ఏడాది నిండలేదు. అయినా రెండు నెలలకోసారి, చైనాలోని జిగోంగ్ ఊరి చివరి బళ్ల తనిఖీ కేంద్రంలో, పొగలు కక్కే ముసలి వ్యానుల మధ్య వరసలో నిలబడేది. అక్కడ కిటికీ దగ్గర కూర్చునే గుమాస్తా పెయ్ రుయ్‌కి అది కనబడగానే తల పట్టుకోవడం అలవాటైపోయింది.

"తాతగారూ, మళ్లీ చెబుతున్నా. సొంత కారుకు ఆరో ఏడు వచ్చేదాకా ఇక్కడికి రానక్కర్లేదు. రెండేళ్లకోసారి ఫోన్లో అర్జీ పెట్టుకుంటే చాలు, అనుమతి దానంతటదే వస్తుంది."

"ఫోను కారు కిందికి దూరి చూస్తుందా అమ్మాయ్?"

"చూడదు."

"బ్రేకు తొక్కి చూస్తుందా?"

"తొక్కదు."

"మరి దానికేం తెలుసని అనుమతి ఇస్తోంది?"

ఈ ప్రశ్నకు జవాబు ఏ నిబంధనలోనూ లేదు. పెయ్ రుయ్ వెతికింది కూడా.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ క్వాంగ్ గారు ఉప్పు కర్మాగారంలో యంత్రాలు బాగుచేశారు. చెడిపోయిన యంత్రాన్ని క్షమించేవారు గానీ, బాగున్నానని చెప్పుకునే యంత్రాన్ని చచ్చినా నమ్మేవారు కాదు. వరసలో ఊరికే కూర్చోలేక ముందున్న బళ్ల చక్రాలు తన్ని చూసేవారు. ఒకసారి ఎవరో పెళ్లికొడుకు కారులో లైటు వెలగడం లేదని కనిపెట్టి, అతను వద్దంటున్నా వినకుండా బల్బు మార్చి, పెళ్లికి అరగంట ఆలస్యం చేశారు.

ఒకరోజు కిటికీలోకి తల దూర్చి గొంతు తగ్గించి అడిగారు.

"ఈ మినహాయింపు పోగొట్టుకోవాలంటే ఏం చెయ్యాలి?"

"మనుషులకు దెబ్బలు తగిలేలా ప్రమాదం చెయ్యాలి."

ఆయన వెనక్కి తిరిగి తన తెల్లకారు వైపు చూసుకున్నారు. "అంతకంటే చిన్నది ఏదైనా ఉందా?"

చివరికి తనిఖీదారు షాంగ్ ఈ పోరు పడలేక టార్చిలైటు పట్టుకుని కారు కింద ఓసారి చూసి, "బంగారంలా ఉంది, వెళ్లండి" అనేవాడు. ఆయన వెళ్లేవారు కాదు.

"ఆ మాటే కాగితం మీద రాసి ఎర్ర ముద్ర వెయ్యండి."

"కంప్యూటరు ఒప్పుకోదు తాతగారూ. నంబరు కొట్టగానే 'మినహాయింపు' అని చూపించి ఆగిపోతుంది."

ఆయన ఎండుమిరపకాయలతో వేయించిన కుందేలు మాంసం డబ్బా కిటికీలో పెట్టి, ఒట్టి చేతులతో వెళ్లిపోయేవారు. లంచమేమోనని పెయ్ రుయ్ మొదట్లో భయపడింది. తిన్నాక భయం పోయింది. అంత కారం ఎవరూ లంచంగా ఇవ్వరు.

శరదృతువులో ఒక గురువారం ఆ కారులోంచి ఇంకొకరు దిగారు. ఎనభయ్యేళ్లు ఉంటాయి. పొట్టి మనిషి, బూడిదరంగు కోటు, మోచేతి దగ్గర బ్యాండేజీ. నిటారుగా నడిచి కిటికీ దగ్గరికి వచ్చింది.

"నా పేరు మిన్. ముప్ఫై ఆరేళ్లు పిల్లలకు చదువు చెప్పాను. ఈయన కింది అంతస్తులో ఉంటాను. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో నాకు రక్తం శుద్ధి చెయ్యాలి. ఇన్నాళ్లూ బస్సులో వెళ్లేదాన్ని, ఇప్పుడు ఆ ఓపిక లేదు. ఈయన తన కారులో తీసుకెళతానంటాడు. మా ఆయన ప్రాణం బ్రేకులు లేని బండి తీసింది. తనిఖీ కాని బండి నేనెక్కను. చేయించానంటాడు ఈయన. కాగితమేదంటే నేల చూపులు చూస్తాడు. హోంవర్కు చెయ్యని పిల్లవాణ్ని నేను గుర్తుపట్టగలను. అందుకే మంగళవారం వెళ్లలేదు. ఇవాళ ఇక్కడిదాకా మాత్రం ఎక్కాను, మిమ్మల్నే అడుగుదామని."

క్వాంగ్ గారు ఆమె వెనకాల నిలబడి ఎదురుగోడ మీది వేగపరిమితి బోర్డును చాలా శ్రద్ధగా చదువుతున్నారు. చెవులు రెండూ ఎర్రగా ఉన్నాయి.

ఆరో ఏడు దాకా అక్కర్లేదన్న మాట పెయ్ రుయ్ నాలుక చివరిదాకా వచ్చింది. టీచరమ్మ ఉబ్బిన పాదాలు చూసి, ఆ మాట మింగేసింది.

"కాగితం ఇవాళే ఇస్తున్నామండీ. షాంగన్నా, కారు తనిఖీ గుంత మీదికి ఎక్కించు."

షాంగ్ పెయ్ రుయ్ మొహం చూసి, కారు గుంత మీదికి ఎక్కించాడు. బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, టైర్లు చూశాడు, చివరికి హారన్ కూడా కొట్టి చూశాడు. కంప్యూటరు పొరపాటున కూడా ఒప్పుకోదు కాబట్టి, పెయ్ రుయ్ తెల్లకాగితం తీసి, షాంగ్ చెప్పింది చెప్పినట్టు చేత్తో రాసింది. ఉన్నమాటే గనక, రాసింది తనే గనక, కింద సంతకం చేసి తన పేరున్న ఎర్ర ముద్ర వేసింది.

మిన్ టీచరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. సంచిలోంచి ఎర్ర పెన్ను తీసి రెండుచోట్ల దిద్దింది. పైన మూల వందకి ఎనభై అయిదు అని మార్కులు వేసింది.

క్వాంగ్ గారి మొహం పాలిపోయింది. "మిగతా పదిహేను ఎందుకు పోయాయి టీచరమ్మగారూ? బ్రేకులకా?"

"చేతిరాతకి. పదండి, వేళవుతోంది."

ఆమె ముందుసీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. తెల్లకారు గేటు దాటి ఆసుపత్రి దారి పట్టింది.

షాంగ్ నవ్వు ఆపుకోలేక గుంతలోకి దిగిపోయాడు. పెయ్ రుయ్ సాయంత్రం ఇంటికి వెళుతూ దారిలో చేతిరాత దిద్దుకునే గీతల పుస్తకం ఒకటి కొనుక్కుంది.