మొదటి లోలకం

చెలగట్ దారం కొసను ఇనుప గుండు కొక్కేనికి ముడివేసి, లాగి చూసింది. ముడి నిలిచింది. సెలవుల్లో తేయాకు తుంచి నల్లబడ్డ వేళ్లతో గుండును మెల్లగా వదిలింది.

కెన్యాలోని నందీ కొండల్లో ఆమె చదివిన ఆడపిల్లల బడిలో ఫిజిక్స్ ఫారం టూతోనే, అంటే పదో తరగతితోనే, ఆగిపోయింది. చెప్పేవాళ్లు లేక ల్యాబ్ గదిలో మొక్కజొన్న బస్తాలు వేశారు. లెక్కల్లో మార్కులు చూసి యూనివర్సిటీ వాళ్లు భూమి సర్వే కోర్సులో చేర్చుకున్నారు గానీ, మొదటి ప్రయోగంలో తప్పితే వేరే కోర్సుకు పొమ్మంటామని ముందే చెప్పారు. ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది.

జతగా పడ్డవాడు కిసుము పట్నం కుర్రాడు ఒలువొచ్. అతను వాచీ పట్టి ఊపులు లెక్కపెట్టాడు. ఆమె ముడి దాకా దారం కొలిచింది. పొడవు మార్చి మార్చి చేసి, పొడవుకూ ఊపు కాలం వర్గానికీ గ్రాఫ్ గీస్తే, సున్నాలో మొదలవ్వాల్సిన గీత కాస్త పైన మొదలైంది.

ఒలువొచ్ నవ్వాడు. "రబ్బరుతో తుడిచి సున్నాలోకి దించెయ్ చెల్లీ. మా స్కూల్లో అందరం అంకెలు ఇలాగే వండేవాళ్లం. రావాల్సిన జవాబు ముందే తెలుసుగా."

"నాకు తెలీదుగా."

"నేను చెప్తాగా. మీ కొండల్లో ఎవరూ వంట చెయ్యరా ఏంటి?"

చెలగట్ రబ్బరు అందుకుంది. దించితే ఈరోజు గట్టెక్కుతుంది. వచ్చేవారం ప్రయోగానికి ఎవరిని అడగాలి? రబ్బరు కింద పెట్టి గుండును అరచేతిలోకి తీసుకుంది. బరువంతా ఇందులోనే ఉంది. తను కొలిచింది ముడి వరకే.

అడిగితే తనకేమీ రాదని గదిలో అందరికీ తెలిసిపోతుంది. అయినా లేచి, ల్యాబ్ చూసుకునే ముటుకు మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, పొడవు ముడి దాకానా, గుండు మధ్య దాకానా?"

"మధ్య దాకా. ఫారం త్రీలో చెప్పలేదూ?"

"మాకు ఫారం త్రీలో ఫిజిక్స్ లేదండీ."

వెనక బల్ల మీద ఎవరో కిసుక్కుమన్నారు. చెవులు కాలిపోతుండగా తిరిగొచ్చి, ముడి నుంచి గుండు మధ్యకు ఉన్న దూరం కొలిచి ప్రతి పొడవుకూ కలిపింది. చుక్కలన్నీ పక్కకు జరిగాయి. కొత్త గీత సున్నాను తాకీ తాకనట్టు వెళ్లింది.

"ఆ కాస్తా వండెయ్," అన్నాడు ఒలువొచ్.

"ఎంతొచ్చిందో అంతే."

మొదట ఎక్కడ తప్పు కొలిచిందో కూడా కింద రాసి, చెమట అంటకుండా కాగితాన్ని అంచులతో పట్టుకుని వెళ్లి ముటుకు చేతికిచ్చింది.