బేరం కుదరని కత్తి

ఎనభైల్లో ఒక మధ్యాహ్నం ఖరగ్‌పూర్ వెయిటింగ్ రూములో, రైలు దిగి ఇంటిదాకా నడిచే ఓపిక లేక, ఒక రైల్వే వర్క్‌షాపు కార్మికుడు నా పక్కన కూలబడ్డాడు. కొండెక్కేవాళ్ల కోసం ఏటా సెలవు పెట్టి, మహేంద్రగిరి కాలిబాట మీద తుప్పలు కొట్టి వస్తాడట. కూలి ఎవరూ ఇవ్వరు. ఒళ్లో కత్తి తళతళలాడుతోంది. ఆ ఊరి గోల్‌బజార్‌లో బట్టల కొట్లో పెరిగినవాణ్ని, బేరమాడకుండా ఊరుకుంటానా?

"ఎంతకిస్తావు మావా?"

"అమ్మేది కాదు బాబూ. మోకాళ్లు పోనాయి, నాకిదే ఆఖరు. వచ్చే ఏడు నువ్వెళ్లి దారి కొడతానంటే, ఊరికే అట్టుకుపో."

పిడి నా వైపు తిప్పాడు. నేను చేతులు వెనక్కి లాక్కున్నాను.

"ఎవరూ కొట్టకపోతే ఏటవుతాది?" అనడిగాను.

"రెండు వానలకి దారే ఉండదు."

కత్తిని గోనెలో చుట్టుకుని కుంటుకుంటూ వెళ్లిపోయాడు. ఊరికే వచ్చేదాన్ని నేను వద్దనడం జన్మలో అదొక్కసారే. ఆ దారి ఉందో లేదో ఇప్పటికీ ఎవరినీ అడగలేదు.